వస్త అను

“పోతున్న అనకు. వస్త అను,” గుమ్మంలో చెయ్యి అడ్డం పెట్టింది ఎంకమ్మ.

“వస్త,” అన్నాడు ఆమె భర్త మైసయ్య విసుగ్గా.

“వదినా, చెరువు దాకనే పోతున్నం. దుబాయ్ కాదు,” నవ్వాడు వెల్డింగ్ అబ్రహాము.

మొయినాబాద్‌లో బోరు మోటార్లు బాగుచేసే మైసయ్య పడవకు రెక్కలు కట్టాడు. చేవెళ్ల పాత సామాన్ల దుకాణంలో దొరికిన ఇంజను బిగించాడు. అది సురంగల్ చెరువులో పరుగెత్తి గాలిలోకి లేవాలి. ఇంతవరకు లేవలేదు.

“లేచినంక దిగుడెట్లనో తెల్సా?” అడిగింది ఎంకమ్మ.

“ముందు లేవనియ్.”

ఆమె నిమ్మకాయ, అగరుబత్తులు పట్టుకుని వాకిట్లో ట్రాలీ మీదున్న పడవలోకి ఎక్కింది. ఎంతకూ దిగలేదు.

“దేవునికి గంతసేపా?”

“అడిగేది నీ పానం. జల్ది ఇస్తడా?”

చెరువులో ఇంజను మోతకు కొంగలు లేచాయి. పడవ లేవలేదు.

“కొంగలు లేచినయ్ అన్నా, నీదెప్పుడు?” గట్టు మీంచి అరిచాడు గొర్లు కాస్తున్న బాలప్ప.

మైసయ్య పనిముట్ల డబ్బా ఒడ్డుకు విసిరాడు. సీటు విప్పి పడేశాడు. చివరికి చెప్పులు కూడా. అయినా అంతే.

“బరువు ఏడున్నదో తెలుస్తలేదు,” అన్నాడు.

“రేపు తూము తెరుస్తరట అన్నా. ఇగ నీళ్లుండయ్,” అన్నాడు అబ్రహాము.

“రేపు పొద్దుగాల్నే ఆఖరుసారి చూద్దాం. లేవకుంటే తుక్కు కింద ఏసుడే.”

ఇంటికొచ్చాక ఆ మాట విని ఎంకమ్మ మనసు కుదుటపడింది. “పోనియ్, మోటార్లు బాగుచేసుకుంట బతుకుదాం,” అంది. మైసయ్య వాకిట్లోకి వెళ్లి పడవ అడుగు పలకలు విప్పుతూ కూర్చున్నాడు.

లోపలికొచ్చి ఆమె ముఖంలోకి ఒకసారి చూశాడు. అన్నం ముట్టకుండా పడుకున్నాడు. ఓడిపోయిన బాధ అనుకుంది.

తెల్లారి ఆమె పొయ్యి దగ్గర ఉండగా బయటి నుంచి మైసయ్య గొంతు వినిపించింది.

“పోతున్న.”

“వస్త అను,” లోపలి నుంచే కేకేసింది.

జవాబుగా ట్రాలీ కదిలిన చప్పుడైంది.

కాసేపటికి చెరువు వైపు నుంచి ఇంజను మోత వచ్చింది. ఈసారి అది నీళ్ల మీద ఆగలేదు. ఇంటి కప్పు మీదుగా సాగిపోయింది.

తల పైకెత్తి బయటికి ఉరికిన ఎంకమ్మ కాలికి గుమ్మం ముందు ఏవో తగిలాయి. తన పాత చీర చింపి కట్టి, పడవ అడుగున తాను దాచిన ఇసుక మూటలు.