ఎడమకు తిరిగే బంతి

బంతి మళ్ళీ ఎడమకే తిరిగింది.

సూటిగా లేచింది, ముచ్చటగా వంద గజాలు పోయింది, తీరా జెండా దగ్గరపడే వేళకి ఎవరో పిలిచినట్టు ఎడమకు మళ్ళి, కంచె దాటి మొక్కజొన్న చేలో పడింది. కృష్ణారావు చేతిలోని ఇనుప తల గోల్ఫ్ కర్రని నేలకేసి ఒక్కటిచ్చాడు.

"పన్నెండోది సార్," అన్నాడు ఓదెలు. ఆ మైదానంలో గడ్డి కోసేదీ, ఆడేవాళ్ళ వెనక కర్రల సంచి మోసేదీ అతనే. గౌడవెల్లి నుంచి రోజుకూలీకి సైకిలు మీద వస్తాడు.

"లెక్కపెట్టమన్నానా నిన్ను?"

"నేను వెడ్తలేను సార్. చేను ఆసామి వెడ్తుండు. గా గట్టు మీద నిలవడ్డడు చూడున్రి."

కృష్ణారావుకి ఒళ్ళు మండిపోయింది. కానీ మండి ఏం లాభం? ఎల్లుండి ఆదివారం. బొంబాయి నుంచి చైర్మన్ గారు వస్తున్నారు. మేడ్చల్ ఫ్యాక్టరీ వెనక ఖాళీ జాగాలో ఈ ఆరు గుంతల గోల్ఫ్ మైదానం వేయించుకున్నది ఆయనే. ఆడుతూ ఆడుతూనే మనుషుల తలరాతలు రాసేయడం ఆయనకి అలవాటు. ఈసారి బొంబాయికి అవతల, గుజరాత్ పొలిమేరలో ఉన్న సిల్వాసాలో కొత్త ప్లాంటుకి ఒక మేనేజరు వెళ్ళాలి. కృష్ణారావు అన్నా వెళ్ళాలి, వెంకటసాయి అన్నా వెళ్ళాలి. బాగా ఆడినవాడు ఉన్నచోటే ఉంటాడు, ఆట చెడగొట్టినవాడు పెట్టె సర్దుకుంటాడని ఆఫీసులో అందరి నమ్మకం. వెంకటసాయి బంతి గీత గీసినట్టు పోతుంది.

కృష్ణారావుకి బహదూర్‌పల్లిలో ఇంటి స్లాబు మొన్ననే పడింది. కూతురు సుప్రజకి మార్చిలో ఇంటర్ పరీక్షలు. "మీరేం చేస్తారో నాకు తెలీదు, నేను మాత్రం ఇక్కణ్ణుంచి కదలను," అని జానకీదేవి తేల్చి చెప్పేసింది.

"ఓ మాట చెప్పాల్నా సార్? కోపానికి రావద్దు మల్ల," అన్నాడు ఓదెలు.

"చెప్పి తగలడు."

"మీరు కర్రను కొడవలి వట్టినట్టు వడ్తున్రు. వరి కోసేటప్పుడైతే మణికట్టు లోపలికి తిరగాలె. గీడ తిరిగితే బాల్ ఎడమకే పోతది."

కృష్ణారావు పుట్టి బుద్ధెరిగాక కొడవలి పట్టలేదు. అయినా నాలుగు వైపులా చూశాడు. చూసేవాళ్ళెవరూ లేరు. చేను ఆసామి కూడా విసుగొచ్చి వెళ్ళిపోయాడు.

"ఏదీ, చూపించు."

ఓదెలు చేతులు ప్యాంటుకి తుడుచుకుని వచ్చి, కృష్ణారావు వేళ్ళని ఒక్కొక్కటే విప్పి మళ్ళీ పెట్టాడు. "ఎడమ చెయ్యి కణుపులు మూడు కనవడ్తున్నయ్. రెండే కనవడాలె. కుడి చేత్తోని అంత గట్టిగ పిసకొద్దు. కొట్టినంక నడుం ఆగొద్దు, జెండా దిక్కు తిరగాలె. నడుం ఆగిందంటే చేతులు తిరుగుతయ్, గంతే."

ఎదురుగా ఒక పుల్ల పాతి, బంతి దానికి కుడిపక్క నుంచే పోవాలన్నాడు. మొదటి పది బంతులూ చేలోకే పోయాయి. పదకొండోది పుల్లకి కుడిపక్కగా లేచి జెండా దాకా పోయి బుద్ధిగా ఆగింది. కృష్ణారావు చిన్నపిల్లాడిలా గెంతాడు. శనివారం సాయంత్రానికి ముప్ఫై కొడితే ఇరవై ఎనిమిది సూటిగా పోయాయి.

"సార్, ఏమనుకోకున్రి," అన్నాడు ఓదెలు సంచి సర్దుతూ. "చైర్మన్ సాబ్ అడిగితే ఓదెలు నేర్పిండని ఒక్క మాట అనున్రి. తొమ్మిదేండ్లాయె కూలికొస్తున్న. పర్మనెంట్ జేస్తరేమో."

"ఆహా, భేషుగ్గా చెప్తాను," అన్నాడు కృష్ణారావు. ఆ క్షణంలో నిజంగానే చెప్పాలనుకున్నాడు.

ఆదివారం కృష్ణారావు ఆట చూసి వెంకటసాయి నోరు వెళ్ళబెట్టాడు. చిత్రమేమిటంటే ఆ పూట చేలో పడ్డ బంతులన్నీ చైర్మన్ గారివే. మూడో గుంత దగ్గర ఆయన ఇక ఉండబట్టలేక ఆగిపోయారు.

"పోయినసారి నీకూ ఇదే జబ్బు కదయ్యా! ఎవరు కుదిర్చారు?"

వెనకాల సంచితో ఓదెలు నిలబడి ఉన్నాడు. పక్కన వెంకటసాయి చెవులు రిక్కించాడు. సంచి మోసేవాడి దగ్గర నేర్చుకున్నానని ఇంతమందిలో ఏ మేనేజరు చెప్పుకుంటాడు?

"ఎవరూ లేరు సార్. నేనే కూర్చుని ఆలోచించి, నా అంతట నేనే కుదుర్చుకున్నాను."

"శభాష్!" అన్నారు చైర్మన్ గారు.

ఓదెలు సంచిని ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకున్నాడు. ఆ తర్వాత ఆట అయ్యేదాకా కృష్ణారావు అతని వైపు చూడలేదు.

ఆట ముగిశాక టీ తాగుతూ చైర్మన్ గారు జేబులోంచి మడత కాగితం తీశారు.

"సిల్వాసాకి వెంకటసాయి అని బొంబాయిలోనే ఆర్డరు టైపు చేయించి తెచ్చాను."

వెంకటసాయి ముఖం మాడిపోయింది. కృష్ణారావుకి గుండెల మీంచి బండ దిగింది. ఇల్లు, సుప్రజ పరీక్షలు, జానకీదేవి నవ్వు ముఖం అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. వెంటనే ఫోన్ చేసి చెప్పాలనుకున్నాడు.

చైర్మన్ గారు పెన్ను మూత తీసి, కాగితం మీద పేరు కొట్టేసి పైన ఇంకో పేరు రాశారు.

"నువ్వే వెళ్ళు కృష్ణారావ్. అక్కణ్ణుంచి మా ఇంటికి కారులో మూడు గంటలే, ప్రతి ఆదివారం పొద్దున్నే వచ్చి నాకూ నేర్పుదువుగాని."