వరికుచ్చు తగవు

“టీచరమ్మా! తలుపు తియ్యి! ఇవాళ నీ పిచ్చుకల సంగతో నా సంగతో తేలిపోవాలి!”

నిర్మల తలుపు తీసింది. ఎదురుగా కింది ఫ్లాట్ జ్యోతిలక్ష్మి. చేతిలో చేట, చేట నిండా ఎండబెట్టిన నెత్తళ్ళు, వాటి మీద ఊక, రెట్టలు. లిఫ్టు పాడై వారమైంది. మెట్లెక్కి వచ్చిన ఆయాసం ఒకపక్క, కోపం ఒకపక్క ఆవిణ్ణి నిలవనివ్వడం లేదు.

“చూడు, కళ్ళు పెట్టుకుని చూడు. రామాపురం నుంచి తెప్పించుకున్న చేపలు. ఇవిక మనుషులు తినేవేనా?”

“ఎండలో పెట్టేటప్పుడు మీద ఒక గుడ్డ కప్పుకోవచ్చు కదండీ.”

“గుడ్డ కప్పితే చేప ఎండుతుందా? బళ్ళో పిల్లలకి ఇన్నాళ్ళూ ఇదే చెప్పావా?”

“మీ చేపల కంపు మేడంతా కొడుతోంది. నేనేమన్నా అన్నానా?”

“అనమ్మా, అను! ఎవరొద్దన్నారు?”

ఇంత రగడకీ కారణం నిర్మల బాల్కనీలో వేలాడుతున్న వరికుచ్చు. చర్చిలో కోత పండుగకి వచ్చిన కంకుల కట్టని వేలంలో పాడుకుని తెచ్చి, తనే కుచ్చుగా అల్లి కట్టింది. ఎక్కడి నుంచి పసిగట్టాయో, పిచ్చుకలు దిగాయి. తెనాలిలో ఇన్ని అపార్ట్‌మెంట్లు లేచాక పిచ్చుకని చూసిన వాళ్ళెవరు? రిటైరైన దగ్గర్నుంచీ నిర్మల ఫోను మోగిందంటే లోను కావాలా అని అడగడానికే. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని “ఏమ్మా, అందరూ వచ్చారా?” అని ఆ పిచ్చుకలనే పలకరించేది. నవ్వుకునే వాళ్ళు నవ్వుకోండి. ఒంటరి మనిషికి పలకరించడానికి ఏదో ఒకటి కావాలి.

జ్యోతిలక్ష్మి ఆ రోజు గుమ్మంలో నిలబడి అరగంట పోట్లాడి వెళ్ళింది. మర్నాడు మళ్ళీ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. మోకాళ్ళు పట్టేశాయని మెట్లని కూడా తిట్టింది.

ఆదివారం ప్రార్థన నుంచి నిర్మల ఇంటికి వచ్చేసరికి గుమ్మం ముందు అసోసియేషన్ ప్రెసిడెంటు శాలేమురాజు, వెనకాల వాచ్‌మన్, పక్కన జ్యోతిలక్ష్మి కొడుకు నాగబాబు నిలబడి ఉన్నారు.

“ఏమీ అనుకోకండి టీచర్ గారూ. ఆ కుచ్చు తీసెయ్యాలండి. గింజలు చల్లడం కూడా వద్దు. కంప్లైంట్ వచ్చింది,” అన్నాడు శాలేమురాజు.

“అవి వరికంకులండీ, బాంబు కాదు.”

నాగబాబు ఆవిడ మొహంలోకి చూడలేదు. “మా అమ్మ బీపీ మనిషండి. నేను ఆఫీసు నుంచి రావడం ఆలస్యం, మీ గురించే మొదలెడుతోంది. టీచరమ్మ ఇట్టా అంది, నేను అట్టా అన్నాను అని పడుకునే దాకా ఇదే. రోజూ ఈ గొడవలు పడితే ఆవిడ ఏమైపోతుందండి?”

“మరి రేపు పిచ్చుకలొస్తే వాటికేం చెప్పమంటారు?”

శాలేమురాజు బాల్కనీ వైపు సైగ చేశాడు. వాచ్‌మన్ స్టూలెక్కి తాడు కోశాడు. సగం తిన్న కుచ్చుని చంకలో పెట్టుకుని కిందికి పట్టుకుపోయాడు.

పొద్దున్నే పిచ్చుకలు వచ్చాయి. ఖాళీ కొక్కెం చుట్టూ ఎగిరాయి, గ్రిల్లు మీద వాలి లోపలికి తొంగిచూశాయి. చూడలేక నిర్మల బాల్కనీ తలుపు మూసేసింది. రెండు మూడు రోజులు వచ్చి, తర్వాత రావడం మానేశాయి. కాఫీ కలుపుకుంది గానీ తాగబుద్ధి కాలేదు. పిచ్చుకల కోసం ఏడవడమేంటి, సిగ్గులేకపోతే సరి అని తనని తానే కసురుకుంది. కసురుకుని మళ్ళీ ఏడ్చింది. కింది ఫ్లాట్ నుంచి కూడా ఏ అలికిడీ లేదు. గెలిచింది కదా, ఇక పైకెందుకొస్తుంది అనుకుంది కసిగా.

ఒక మధ్యాహ్నం బెల్లు మోగింది. తలుపు తీస్తే జ్యోతిలక్ష్మి. నిర్మలకి ఒళ్ళు మండిపోయింది.

“అన్నీ పీకించేశావు కదా! ఇంకా ఏం మిగిలిందని వచ్చావు?”

జ్యోతిలక్ష్మికి ఊపిరి అందడం లేదు. చంకలోని మూట విప్పి ముందు పెట్టింది. మూటలో కోతకొచ్చిన వరికంకులు, పెద్ద కట్ట.

“ఆటో కట్టించుకుని పొలాల దాకా పోయి అడుక్కొచ్చాను. ఇదిగో, కట్టు.”

“కంప్లైంట్ పెట్టింది మీరే కదండీ?”

“నేనెందుకు పెడతానమ్మా? మా ఎదవ వాడంతట వాడే పెట్టాడు. ఇంటికి రాగానే నాలుగు దులిపాను. ఇప్పుడా ప్రెసిడెంటుని కూడా కడిగేసి వస్తున్నా. కుచ్చు జోలికొచ్చావంటే నీ గుమ్మంలోనే చేపలు ఎండేస్తానన్నాను. నోరెత్తితే ఒట్టు!”

నిర్మలకి అంతా అయోమయంగా ఉంది. “ఇది కడితే మళ్ళీ మీ చేపల మీద ఊక పడుతుంది.”

జ్యోతిలక్ష్మి గడప మీద కూలబడింది. కొంగుతో మొహం తుడుచుకుంది. ఎప్పుడూ లేనిది గొంతు తగ్గించింది.

“పడనీ టీచరమ్మా. పొద్దున కొడుకూ కోడలూ ఆఫీసులకి పోతే మళ్ళీ రాత్రికే మనిషి మొహం చూడటం. ఊక పడకపోతే, ఏ వంక పెట్టుకుని నీ దగ్గరికి రాను?”