అందరూ అబ్రాహాము బిడ్డలే

షారోను పెళ్లి చర్చి యంత్రం ఆపేసిందంట, పెళ్లికొడుకు వరసకి అన్నంట అని పక్కింటి సువర్ణమ్మ పేటంతా చెబుతోందని విని, రోసమ్మ కాజాల పిండి వదిలేసి చర్చికి పరుగెత్తింది. షారోను రోసమ్మ మనవరాలు.

పాత బాప్తిస్మపు రిజిస్టర్లన్నీ ఇప్పుడు యంత్రం పొట్టలోనే ఉన్నాయి. అది ఊఁ అంటేనే పెళ్లి.

“ఇద్దరి ముత్తాతలకీ తండ్రి అబ్రాహామే,” అంది యంత్రం మర్యాదగా.

పాస్టరు అయ్యగారు తల గోక్కున్నాడు. “పోలయ్య, అంకయ్య అనడానికి నోరు తిరక్క, ఆనాటి తెల్లదొరగారు అందరి తండ్రి పేరూ అబ్రాహామనే రాశాడమ్మా. ఎంత చెప్పినా ఇది రాసిందే నిజమంటోంది.”

రోసమ్మకి అయోమయంగా ఉంది. పోయిన మొగుడు ఈ లెక్కన తనకి మొగుడో, అన్నో? అయ్యగారి వైపు తిరిగింది.

“మీ అమ్మానాన్నలదీ ఈ చర్చి పెళ్లే గదా అయ్యగారూ! అయితే మీరూ అన్నాచెల్లెళ్లకి పుట్టినట్టే!”