కాఫీ మచ్చ

రోజూ పొద్దున్నే ఒక పండో పువ్వో నీటిరంగుల్లో వేస్తే గానీ మందాకినికి తెల్లారినట్టు ఉండదు. అరచేయంత కాగితం, నీళ్ల గ్లాసు, పక్కనే కాఫీ గ్లాసు. ఇదివరకు ఎదురుగా భర్త సుదర్శనం కూడా కూర్చుని వేసేవాడు. మాటల్లో పడి కుంచెను నీళ్లలో కాక ఆవిడ కాఫీలో ముంచేవాడు. కాగితం మీద జామకాయకు గోధుమరంగు మచ్చ పడేది.

"ఏవండీ, అది నా కాఫీ," అని ఆవిడ కసిరేది.

"మచ్చ లేని జామకాయ ఎక్కడైనా ఉంటుందటోయ్?" అని ఆయన తప్పించుకునేవాడు.

ఆయన పోయాక తోటలూ పోయాయి. జామకాయలు ఇప్పుడు ఫ్యాక్టరీల్లో పండుతున్నాయి. అన్నీ ఒకే అచ్చులో పోసినట్టు నున్నగా ఉంటాయి. ఇళ్లకు కూడా కళ్లూ నోరూ వచ్చాయి. పాలు పొంగబోతే ఇల్లే చెబుతుంది, చెయ్యి తడబడబోతే ముందే హెచ్చరిస్తుంది.

ఈ రోజు జామకాయ వేయడం పూర్తయింది. ఎంతసేపు చూసినా అది ఎవరింటి కాయో అన్నట్టుంది. ఆవిడ కుంచె ఎత్తి కాఫీ గ్లాసు వైపు వంచింది.

"అమ్మగారూ, అది కాఫీ," అంది ఇల్లు.

"తెలుసు. నువ్వు కాసేపు ఊరుకో."

కుంచె కాఫీలో మునిగింది. ఇంకా తడి ఆరని కాయ మీద మచ్చ మెల్లగా పాకింది. మందాకిని ఆ కాగితాన్ని ఎదుటి ఖాళీ కుర్చీ వైపు తిప్పి పెట్టింది.

"మచ్చ లేని కాయలు వచ్చేశాయండీ," అంది. "ఏమీ బాగోలేవు."