ఆరు గంటల మాత్ర

"ఒక్క కుట్టు కూడా లేదా?"

పెద్దాడపడుచు గొంతులో నిరాశ దాగలేదు. రెండు బస్సులు మారి పరామర్శకు వచ్చింది మరి.

తలకు తువ్వాలు బిగించి సోఫాలో పడుకున్న ఆయన నీరసంగా నవ్వాడు.

"కత్తి పెడితేగా అక్కా, కుట్లు! పుర్రె అడుగున, చెవి నరం పక్కన గడ్డ. కాన్సరు కాదులే. అన్ని వైపుల నుంచీ సన్నటి కిరణాలు పంపి సరిగ్గా దాని మీదే కలిసేట్టు చేస్తారు. పొద్దున వెళ్ళాం, మధ్యాహ్నానికల్లా వచ్చేశాం."

ఇల్లాలు టీ ట్రేతో వచ్చింది. చూపంతా గడియారం మీదే. అయిదూ నలభై.

ఫ్రిజ్ తలుపుకు డాక్టరిచ్చిన కాగితం అంటించి ఉంది. రెండు రోజులు పూర్తి విశ్రాంతి. వంగరాదు, బరువులెత్తరాదు. ఆరింటికి భోజనం చేసి మాత్ర. "ఈ మాత్ర ఒక్కటీ ఆలస్యం చెయ్యకండి. వాపొస్తే ఆ చెవిలో మిగిలిన కాస్త వినికిడీ పోవచ్చు" అని డాక్టరు మరీ మరీ చెప్పాడు.

"ముఖానికి వలలాంటి మాస్కు వేసి బల్లకు బిగించేస్తారు. దగ్గకూడదు, కదలకూడదు. గంటసేపు!" అన్నాడు ఆయన.

"అమ్మో! ఎలా తట్టుకున్నావురా తమ్ముడూ?"

"ఏం చేస్తాం? కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకున్నా. తల ఇప్పటికీ పగిలిపోతోంది."

"ముఖం చూడు, ఎలా పీక్కుపోయిందో! చిన్నప్పటి నుంచీ వీడు సున్నితం. అమ్మాయ్, కాస్త కనిపెట్టుకుని ఉండు."

అలాగే వదినా, అన్నట్టు తలూపింది ఇల్లాలు. ఎవరు మాట్లాడినా ముఖమంతా అటు తిప్పి శ్రద్ధగా వింటుంది. అందుకే చుట్టాలందరికీ ఆవిడంటే గురి.

పైవాటా పెద్దాయన గుమ్మం దగ్గరి కుర్చీ దిగలేదు.

"ఈ కిరణాలు పక్కవాళ్ళకి అంటుకోవు కదా?"

అంటుకోవని ఇద్దరూ చెప్పారు. అయినా ఆ పెద్దాయన టీ మాత్రం ముట్టుకోలేదు.

ఆరుకు అయిదు నిమిషాలుందనగా ఆఫీసువాళ్ళు ముగ్గురు దిగారు. యాపిల్స్ సంచి తీసుకెళ్ళి ఆయన పొట్ట మీద పెట్టారు.

"వారం సెలవు పెట్టెయ్యండి సార్. ఫైళ్ళు ఎక్కడికీ పోవు."

ఆరు కొట్టింది.

"ఏవండీ, భోజనం, మాత్ర..." అంది ఇల్లాలు మెల్లగా.

"ముందు వీళ్ళకి టీ తీసుకురావోయ్. మాత్ర పారిపోతుందా?"

"ఆరింటికే అన్నాడు డాక్టరు."

"అంటాడు. వాళ్ళింటికి ఎవరూ రారు కాబోలు!"

అందరూ నవ్వారు. ఆవిడ మళ్ళీ పాలు పొయ్యి మీద పెట్టింది.

యాపిల్ ఒకటి సంచిలోంచి జారి సోఫా కిందికి దొర్లింది. వంగి తీసింది. లేచేటప్పుడు గోడ పట్టుకుని ఒక్క క్షణం ఆగింది.

"వయసు మీద పడుతోందమ్మాయ్ నీకూ," అంది ఆడపడుచు.

ఆయన మాస్కు కథ నాలుగోసారి మొదలుపెట్టాడు. ఈసారి గంట కాస్తా గంటన్నర అయింది. ఆరున్నర. ఏడు. ఆవిడ మాటిమాటికీ గడియారం వైపు చూసింది. పొమ్మనడానికి మాత్రం నోరు రాలేదు.

ఏడుంబావుకు ఆఖరి చెప్పుల జత గుమ్మం దిగింది.

"అబ్బబ్బ, అలిసిపోయానోయ్! ఆకలి దంచేస్తోంది. వడ్డించెయ్."

పరుగున వడ్డించింది. ఆయన మారు వడ్డించుకుని తిన్నాడు. చెయ్యి కడుక్కుని పడగ్గదిలోకి వెళ్తూ ఆవులించాడు.

"మాత్ర సంగతి మర్చిపోకు."

"మర్చిపోను."

ఆవిడ గిన్నెలో మిగిలిన నాలుగు మెతుకులు నిలబడే తిని, తన మాత్ర మింగి, ఆయన ఇంకేమైనా అడుగుతాడేమోనని బాగా వినిపించే చెవిని పడగ్గది వైపు తిప్పింది.