శాపాల గుడిసె

"నువ్వూ రాయించుకుంటావా అక్కా?" అంది పోలిక్సెనీ.

ఆర్గిరో అప్పటికే వరుసలో నిలబడింది.

వోలోస్ ఊరి నుంచి బస్సులో వచ్చిన నలభైమందీ కుమ్మరి ఇల్లూ, నూనె గానుగా చూసి ఈ గుడిసె ముందు చేరారు. రెండున్నర వేల ఏళ్ల కిందటి గ్రీకు పల్లెను ఉన్నదున్నట్టు మళ్లీ కట్టామని బోర్డు చెబుతోంది. లోపల ఒంటికి దుప్పటి చుట్టుకున్న మనిషి, చేతి గడియారంతో సహా, పీట మీద కూర్చుని శాపాలు రాస్తున్నాడు. పగవాడి పేరు పల్చటి రేకు మీద గీకి, చుట్టచుట్టి, మేకు దిగ్గొట్టి బావిలో పడేస్తే వాడి పని అయిపోయినట్టే. పూర్వం వాళ్లు అలాగే చేసేవారట.

జనానికి నవ్వులే నవ్వులు. ఒకాయన ఫుట్‌బాల్ రిఫరీ పేరు రాయించాడు. ఒకావిడ ఆడపడుచు పేరు చెప్పి, "కాళ్లు మాత్రమే పడిపోవాలి. చేతులుండనీ, అంట్లు తోముతుంది," అంది.

ఆర్గిరో నవ్వలేదు. రెండేళ్లుగా ఆమె చావుకి కట్టిన నల్లబట్టలు వదల్లేదు. పొద్దున బస్సులో పక్క సీట్లో పరిచయమైన పోలిక్సెనీ ఎవరికోసమని అడిగితే దాచకుండా చెప్పింది.

"మా పిల్ల లెమోనియాని మొగుడు డాబా మీంచి తోసేశాడు. బట్టలారేస్తుంటే కాలు జారిందన్నాడు."

"అయ్యో, ఎంత కడుపుకోత! మరి కోర్టు?"

"వదిలేసింది. ఆ వేళకి వాడు తన వంటింట్లో చిక్కుడు గింజల చారు తాగుతున్నాడని వాడి తల్లి ప్రమాణం చేసి చెప్పింది."

"దాని నోట్లో పురుగులు పడ! అదీ ఒక ఆడదేనా?"

"పడాలి," అంది ఆర్గిరో, కిటికీ వైపు తిరిగి.

లెమోనియా అంటే ఆమెకు ప్రాణం. ఆ పిల్ల తల ఇంకెవరినీ దువ్వనిచ్చేది కాదు. శవపేటికలో పెట్టేముందు కూడా తనే దువ్వింది. దెబ్బ తగిలిన చోట దువ్వెన ఆగిపోయింది.

వాడు మాత్రం నిక్షేపంలా ఉన్నాడు. కాస్త ఒళ్లు కూడా చేశాడు. వచ్చే నెల మళ్లీ పెళ్లి. ఈసారి పిల్లకి పంతొమ్మిదేళ్లు. ఆ పిల్లా ఆ డాబా మీదే బట్టలారేయాలి. అది తలుచుకుంటే ఆర్గిరోకి ఒళ్లు మండిపోతుంది. రెండుసార్లు పోలీస్ స్టేషన్ మెట్ల దాకా వెళ్లి వెనక్కి వచ్చేసింది. అంతకంటే తన వల్ల కాలేదు.

ఆమె వంతు వచ్చింది.

"ఎవరమ్మా, మొగుడా?" అన్నాడు వేషగాడు.

"లాంబ్రోస్ అని రాయి."

"ఏం పడిపోవాలి?"

"చేతులు. రెండూ. తిన్నది ఒంటబట్టకూడదు. కంటికి కునుకు రాకూడదు. పెళ్లినాడు చర్చి మెట్లు ఎక్కలేక అందరి ముందూ కూలిపోవాలి."

అతని నవ్వు మాయమైంది. "ఇదంతా సరదాకమ్మా," అన్నాడు నెమ్మదిగా.

"నాకు సరదా కాదు. రాయి."

"రాయవయ్యా!" అని వెనకనుంచి పోలిక్సెనీ గదమాయించింది. "పిల్లని పోగొట్టుకున్న మనిషి. వాడొక్కణ్ణే కాదు, వాణ్ణి కాపాడిన ఆ ముసలిదాన్నీ కలిపి రాయి."

అతను తలవంచుకుని గీకాడు. చేతులు, తిండి, నిద్ర, మెట్లు. పేరు దగ్గరకొచ్చి ఆగాడు.

"వాడి తల్లి పేరు కావాలమ్మా."

"అదెందుకు?"

"లాంబ్రోస్‌లు ఊరికి పదిమంది ఉంటారు. తండ్రి పేరు ఇందులో రాయరు. తండ్రి ఎవరో ఎవరు చూడొచ్చారు? పాతాళంలో వాళ్లు మనిషిని తల్లి పేరుతోనే పోల్చుకుంటారు. అది తప్పయితే శాపం ఇంకెవడికో తగులుతుంది. నీకు తెలుసా పేరు?"

"చెప్పక్కా, అదీ పోనీ పాతాళానికి," అంది పోలిక్సెనీ.

ఆర్గిరో గొంతు సవరించుకుంది.

"ఆర్గిరో అని రాయి నాయనా, వాణ్ణి కన్నది నేనే."