సెకందర్ విమానమెక్కిన వైనం

వీధి మలుపు తిరగగానే సెకందర్ గుండె గుభేలుమంది. తన ఇంటి గుమ్మం ముందు చెప్పులు కుప్పగా పడి ఉన్నాయి. అత్తగారి తరఫు వాళ్లంతా దిగినట్టున్నారు.

'దుబాయ్ సామాన్ల కోసం కాచుకుని కూర్చున్నారు' అనుకున్నాడు.

ఆదివారం పొద్దుటి విమానంలో దుబాయ్ వెళ్లి దారాలు, గుండీలు తెస్తానని భార్య గోహర్‌కు చెప్పాడు. యుద్ధం వచ్చాక సముద్రం ఇవతల తమ ఊరు బందర్ అబ్బాస్‌లో తనలాంటి దర్జీకి మంచి దారం దొరకడం లేదు మరి. ఆమె నమ్మింది. క్షేమంగా తిరిగి రావాలని ఖురాన్ కిందుగా దాటించి, వెనక నీళ్లు చల్లి మరీ పంపింది.

అతను మాత్రం విమానం ఎక్కకుండా తిన్నగా మీనాబ్ ఊరి అవతల ఖర్జూర తోటకు పోయాడు. అక్కడ మూడు రోజులు పావురాల పందేలు. పక్షులు బెదురుతాయని తోటలో రేడియో కూడా పెట్టనివ్వరు.

పావురాల జోలికి పోనని కూతురి తల మీద చెయ్యేసి ఒట్టు పెట్టిన మనిషి ఇతను. ఇంకోసారి పట్టుబడితే పిల్లను తీసుకుని పుట్టింటికి పోతానంది గోహర్. అన్నంత పనీ చేస్తుంది.

సెకందర్ చొక్కాకు అంటిన ఈకలు దులుపుకున్నాడు. సంచీలో దుబాయ్ సబ్బులు, బిస్కెట్ డబ్బా ఉన్నాయి. పోయిన వారమే దొంగసరుకు అమ్మేవాడి దగ్గర కొని దాచినవి. ధైర్యం చేసి లోపలికి అడుగుపెట్టాడు.

అతన్ని చూడగానే అత్తగారు చేతిలో పళ్లెం వదిలేసి వెనక్కి పడిపోయింది. ఆవిడకు అల్లుడంటే మొదటినుంచీ గిట్టదు.

బావమరిది మురాద్ ఏదో అనబోయాడు. గోహర్ చెయ్యెత్తి ఆపింది. దగ్గరికొచ్చి సెకందర్ బుగ్గ గట్టిగా గిల్లింది.

"అబ్బా! నలుగురిలో ఏమిటే ఇది?" సిగ్గుపడ్డాడు సెకందర్.

"ఎక్కడినుంచయ్యా రావడం?" ఆమె గొంతు వణికింది.

"ఇంకెక్కడినుంచి? దుబాయ్ నుంచి."

"ఆదివారం పొద్దుటి విమానంలోనే వెళ్లావా?"

"లేకపోతే ఈదుకుంటూ పోయానా?"

గోహర్ మొహంలో ఏదో మారింది. కొంగుతో కళ్లు తుడుచుకుంది. గొంతు స్థిరపడింది.

"ప్రయాణం ఎలా సాగింది?"

"అబ్బో! పరుపు మీద పడుకున్నట్టే. కిటికీ పక్క సీటు. కోడి పులావు పెట్టారు. అడిగి మారు కూడా పెట్టించుకున్నా."

"కుదుపులేం లేవా బావా?" అన్నాడు మురాద్.

"ఒక్కటుంటే ఒట్టు! గ్లాసులో టీ తొణకలేదు. పువ్వు పెట్టినట్టు దింపాడు. దిగేటప్పుడు పైలట్ నా చెయ్యి పట్టుకుని ఊపాడు కూడా."

"ఆ పైలట్టా!" అంటూ పక్కింటి ముసలమ్మ గుండెలు బాదుకుంది.

అందరూ తన మాటలకే నోళ్లు తెరిచి చూస్తున్నారు. సెకందర్‌కు ఊపొచ్చింది. పక్కనున్న పళ్లెంలోంచి హల్వా ముద్ద తీసి నోట్లో వేసుకున్నాడు. అప్పుడు గమనించాడు, అది చావింట పంచే హల్వా, ఇంటినిండా నల్లబట్టలే. ఎవరో పోయారన్నమాట. ఎన్నాళ్లుగానో పోతాను పోతానంటున్న పెద్దమామయ్యేనేమో అనుకున్నాడు. చూస్తే ఆయన మూల కూర్చుని ఖర్జూరాలు చప్పరిస్తున్నాడు.

"ఇంతకీ ఈ హల్వా ఎవరి పేరు మీద?"

"నీ పేరు మీదేనయ్యా, నువ్వెక్కి దిగానంటున్న ఆ విమానాన్ని ఆదివారం పొద్దున్నే యుద్ధనౌక నుంచి పేల్చి సముద్రంలో కూల్చేశారు, ఒక్క ప్రాణీ మిగల్లేదు" అంది గోహర్.